ఉస్తాద్ బొటనవేలు, నా కాంటా

డేగను తూచడానికి ప్రత్యేకమైన చదువు అక్కర్లేదని నేను అనుకున్నాను. గల్ఫ్‌లోని ఫుజైరా కొండల్లో ఒక క్వారీ స్టోరులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసినవాణ్ణి. బోల్టుల దగ్గర నుంచి గ్రీజు డబ్బాల దాకా వచ్చిన ప్రతి వస్తువునూ తూచాను, రాశాను, సంతకం పెట్టించుకున్నాను. కిలో బరువు కూడా లేని ఒక పక్షి నన్నేం చేస్తుంది అనుకున్నాను. 2020 డైరీలో చలికాలం పేజీలు తిరగేస్తే ఆ ధీమా కనిపిస్తుంది. ప్రతి పేజీ చివర గీత గీసి నా సంతకం నేనే పెట్టుకున్నాను.

రిటైరై జగిత్యాల దగ్గరి మా ఊరికి వెళ్లిపోయిన రెండేళ్లకు, మా అమ్మాయి కాన్పు కోసం నేనూ మా ఆవిడా మళ్లీ ఈ దేశం వచ్చాం. అమ్మాయి, అల్లుడు ఖోర్ ఫక్కాన్‌లో ఉంటారు. అల్లుడిది పోర్టులో ఉద్యోగం. మూడు నెలల కోసం వచ్చాం. అంతలో విమానాలు ఆగిపోయాయి. మళ్లీ ఎగిరేసరికి మనవడు మా ఆవిడ చంక దిగనన్నాడు, మా ఆవిడ దింపనంది. ఉండిపోయాం.

ఆమెకు మనవడు దొరికాడు. నాకు పని దొరకలేదు. అమ్మాయి వంటింట్లో డబ్బాలన్నిటికీ నంబర్లు వేసి, ఏ నంబరులో ఏముందో జాబితా రాసి తలుపు వెనక అంటించాను. కందిపప్పు పద్నాలుగు. పెసరపప్పు పదిహేను. మరునాడు అమ్మాయి పదిహేనులో చక్కెర పోసింది. నేను అడిగాను. సాయంత్రం అల్లుడు చాలా మర్యాదగా నా పక్కన కూర్చుని, “మామయ్యా, మీ పాత అర్బాబ్‌ను ఒకసారి కలిసి రారాదుండ్రి? పెద్దాయన అడుగుతున్నడట” అన్నాడు. పెద్దాయన నిజంగా అడిగాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అర్బాబ్ అంటే యజమాని. మా క్వారీ ఆయనదే. క్వారీని కొడుక్కి అప్పగించి, కొండల నడుమ ఖర్జూరం తోటలో ఉంటున్నాడు. నన్ను మొదటి నుంచీ పేరుతో కాక ‘కాతిబ్’ అని పిలిచేవాడు. రాసేవాడు అని. ముఖానికి మాస్కుతో నేను దూరంగా నిలబడితే, మాస్కు కింద నుంచి ఆయన నవ్వు వినిపించింది. మా దగ్గర నేర్చుకున్న హిందీలో, “కాతిబ్, ఇంకా రాస్తున్నావా?” అన్నాడు. రాస్తున్నానన్నాను. “అయితే వచ్చి నా షాహీన్ డేగ బరువు రాయి. నా దగ్గర ఉన్నవాడు అన్నీ చేస్తాడు, రాయడు” అన్నాడు.

ఆ రాయనివాడే ఉస్తాద్.

కడప వైపు మనిషి. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. ఇరవై ఏడేళ్లుగా అర్బాబ్ డేగలకు ఆయనే గురువు. అందుకే అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన వీసాలో మాత్రం వృత్తి ‘పెయింటర్’ అని ఉంది. మొదట వచ్చినప్పుడు ఏ వీసా ఖాళీగా ఉంటే దాని మీద వచ్చాడు, తర్వాత ప్రతిసారీ అదే పొడిగించుకుంటూ పోయారు. ఆ ఇరవై ఏడేళ్లలో ఆయన ఒక్క గోడకు కూడా రంగు వేయలేదు.

ఆ ఏడాది అర్బాబ్ దగ్గర ఒక్కటే పక్షి, ఒక ఆడ షాహీన్. మొదటి రోజు వెళ్లేసరికి దాని తలకు తోలు టోపీ తొడిగి ఉంది. కళ్లు కనిపించకపోతే పక్షి నెమ్మదిగా ఉంటుందని అలా తొడుగుతారు. దాన్ని అక్కడ బుర్కా అంటారు. పక్షికి బుర్కా, మా ఇద్దరికీ మాస్కులు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూడకుండానే పరిచయమయ్యాం.

“అన్నా, నువ్వు తూకం రాసేదానికి వచ్చినావంట. దేనికి?” అన్నాడు ఉస్తాద్.

“బరువు తెలువాలె గద.”

“తెల్సు గదా.” ఆయన పక్షి రొమ్ము మధ్య ఎముకకు అటూ ఇటూ బొటనవేలు, చూపుడువేలు పెట్టి మెల్లగా నొక్కి చూశాడు. “బాగుండాది. ఈ పొద్దు ఒక కౌజు పిట్టలో సగం చాలు.”

“సగం అంటె ఎన్ని గ్రాములు?”

ఆయన నా వైపు, పక్షి వైపు మార్చి మార్చి చూశాడు. “యా అల్లా” అని మాత్రం అన్నాడు.

బరువు గొడవ ఏమిటో ఆయనే చెప్పాడు. డేగ మనిషి దగ్గరికి తిరిగి వచ్చేది ప్రేమతో కాదు, ఆకలితో. కడుపు నిండుగా ఉండి ఒళ్లు బరువెక్కితే పైకి ఎగురుతుంది, మనం ఎంత పిలిచినా తనవాళ్లం కాదన్నట్టు చూస్తుంది. బరువు మరీ తగ్గితే ఎగరలేక కూలబడుతుంది. ఆ రెండింటి మధ్య వేలెడంత సందు ఉంది. ఆ సందు ఒక్కో పక్షికి ఒక్కోలా ఉంటుంది. దాన్ని పట్టుకోవడమే ఉస్తాద్ పనితనం. ఆయన వేలితో పట్టుకుంటాడు. నేను కాంటాతో పట్టుకుంటానన్నాను.

మూడు వారాలు మాకు బాగా కుదిరింది. ఉదయం ఆరున్నరకు ఆయన పికప్ వచ్చి నన్ను ఎక్కించుకునేది. డిజిటల్ కాంటా మీద చిన్న కొయ్య గూటం పెట్టి, సున్నా నొక్కి, దాని మీద షాహీన్‌ను కూర్చోబెట్టేవాళ్లం. బుర్కాతో, కాళ్లకు కట్టిన తాడుతో కలిపి ఎంత ఉంటే అంత రాసేవాణ్ణి. తర్వాత ఉస్తాద్ బుర్కా తీసి, తాడు విప్పి, కోడి రెక్కల్ని కట్టగా కట్టిన ఎరను గాలిలో గిరగిరా తిప్పుతూ, “హో, హో, హో” అని పిలిచేవాడు. షాహీన్ రాయిలా దూసుకొచ్చి ఎర మీద పడేది. పక్షం రోజుల అంకెలు కలిపి చూస్తే, ఇది చురుగ్గా తిరిగొచ్చేది తొమ్మిది వందల అయిదు గ్రాముల దగ్గర అని తేలింది. ఆ అంకెను పుస్తకం అట్ట మీద ఎర్ర సిరాతో రాసి, చుట్టూ గుండ్రంగా గీశాను. ఉస్తాద్ చదువుకోలేదు. అయినా ఆ గుండ్రాన్ని చాలాసేపు చూశాడు.

“ఇదేనా అన్నా, నా ఏలు చెప్పేది?”

“ఇదే.”

“ఇంత చిన్నదా!” అన్నాడు, కొంచెం నిరాశగా.

అప్పుడు వచ్చాడు చిన్న అర్బాబ్, పెద్దాయన కొడుకు. మంచివాడే. ఏ సంగతైనా ఫోనులోనే చూస్తాడు. జనవరిలో ఉస్తాద్ వీసా గడువు అయిపోతోంది. ఈసారి పొడిగించకుండా, శిక్షణ సర్టిఫికెట్ ఉన్న మనిషిని తెచ్చుకుందామని ఆయన ఆలోచన. ఆ మనిషిని వెంటబెట్టుకొచ్చాడు కూడా. శుభ్రమైన బట్టలు, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. ఏ దేశంవాడో నేను అడిగాను కానీ, ఇక్కడ రాయను. ఫైలు తెరిస్తే అన్నీ వరసలో ఉన్నాయి, విడి కాగితం ఒక్కటి లేదు. నిజం చెప్పాలంటే ఆ ఫైలు నాకు చాలా నచ్చింది.

“నీ అనుభవం ఎంత?” అని చిన్న అర్బాబ్ ఉస్తాద్‌ను అడిగాడు.

“నేను వచ్చినప్పుడు మీకు పళ్లు రాలేదు. మొదటి పన్ను వచ్చినాక మొదట కరిచింది ఈ ఏలే” అన్నాడు ఉస్తాద్ హిందీలో, బొటనవేలు చూపిస్తూ.

“కాగితం ఏదైనా ఉందా?”

ఉస్తాద్ నా వైపు చూశాడు. నేను పుస్తకం ముందుకు జరిపాను. చిన్న అర్బాబ్ అంకెలు చూసి తల ఊపి, “ఇది బుర్కాతో కలిపా?” అన్నాడు. కలిపేనన్నాను. “అయితే ఇది పక్షి బరువు కాదుగా” అని, ఏమీ పట్టనట్టు పుస్తకం తిరిగిచ్చాడు. వచ్చే శుక్రవారం అందరి ముందూ షాహీన్‌ను ఎగరేయాలని, అది చూసి నిర్ణయం చేద్దామని పెద్దాయన తీర్పు.

తిరిగి వస్తుంటే ఉస్తాద్ పికప్ నెమ్మదిగా నడిపాడు. “అన్నా, నా వీసా ఖలాస్ చేస్తే నేను యాడికి పోవల్ల? యాభై ఎనిమిదేండ్ల పెయింటర్ చేతిలో డేగను ఎవురు పెడతారు? ఊరికి పోతే నాకు తెలిసిన పని ఏముండాది? కోళ్లను పిలవాల్నా?”

ఆయన బాధ ఆయనది. నా బాధ వేరే. ముప్పై ఒక్క ఏళ్ల స్టోర్ కీపర్‌ను పట్టుకుని, నీ బరువు బరువే కాదన్నాడు ఆ పిల్లాడు. స్టోరులో ఏ వస్తువుకైనా రెండు బరువులుంటాయి. పెట్టెతో కలిపితే గ్రాస్, పెట్టె తీసేస్తే నెట్. ఈ సంగతి నేను పది మందికి నేర్పాను. నాకే ఎలా తట్టలేదో అని ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మరునాడూ ఆ మరునాడూ మనవడి టీకా పనిమీద తోటకు వెళ్లలేకపోయాను. ఆ రెండు రోజులూ ఇంట్లో కూర్చుని కొత్త పుస్తకం తయారు చేశాను. స్కేలుతో గీతలు గీశాను. పైన పెద్ద అక్షరాలతో ‘నెట్ వెయిట్’ అని రాశాను. పాత పుస్తకం అట్ట మీది గుండ్రం, అందులోని తొమ్మిది వందల అయిదు, కొత్త అట్ట మీదికి జాగ్రత్తగా ఎక్కించాను. అదే ఎర్ర సిరా. అదే గుండ్రం.

మూడో రోజు వెళ్లి, బుర్కా తీయించి, తాడు విప్పించి తూచాను. ఎనిమిది వందల అరవై రెండు.

“ఏంది ఉస్తాద్! రెండు దినాలు నేను లేకపోతే నలభై మూడు గ్రాములు దిగిందా? నువ్వు దీనికి తిండి పెట్టినవా లేదా?”

“పెట్టినా అన్నా. బాగా తిన్నాది.” ఆయన రొమ్ము మీద వేళ్లు పెట్టి చూశాడు. “దిగలేదే. మొన్న ఎట్లుందో అట్లనే ఉండాది.”

“కాంటా అబద్ధం జెప్తదా?”

“కాంటా ఎందుకు చెప్తాది...” అన్నాడు. మళ్లీ వేళ్లు పెట్టాడు. ఈసారి ఎక్కువసేపు. “శుక్రవారం మూడు దినాలే ఉండాది. నువ్వు చదువుకున్నోడివి. నువ్వే చెప్పు, ఏం జేద్దాం?”

తిండి పెంచమన్నాను. పెంచాడు. గురువారం ఉదయానికి సరిగ్గా తొమ్మిది వందల అయిదు. నేను టిక్కు పెట్టాను. ఉస్తాద్ వేళ్లతో చూసి, “అన్నా, ఇది బరువెక్కినాది. బలే కొవ్వింది. రేపు ఎగరేస్తే పోతాది” అన్నాడు.

“ఉస్తాద్, గిప్పుడే గద చూసినం? అంకె గాడ్నే ఉన్నది.”

ఆయన అట్ట మీది గుండ్రాన్ని చూశాడు. చదవడం రాదు కానీ ఆ మూడు అంకెల రూపం ఆయనకు కంఠతా వచ్చేసింది. కాంటాలో కూడా అదే రూపం వెలుగుతోంది. “సరే” అన్నాడు.

శుక్రవారం తోట వెనక మైదానంలో కార్పెట్ పరిచి, వాళ్ల కాఫీ గహ్వా పోసి, పెద్దాయన, చిన్న అర్బాబ్, ఫైలు మనిషి దూరదూరంగా కూర్చున్నారు. నేను కొత్త పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఉన్నాను. ఉస్తాద్ షాహీన్ తోకకు ఆచూకీ తెలిపే చిన్న ట్రాన్స్‌మిటర్ కట్టి, బుర్కా తీసి వదిలాడు. ఎర తిప్పాడు. “హో, హో, హో.”

షాహీన్ పైకి వెళ్లింది. ఒక చుట్టు తిరిగింది. మా అందరినీ ఒకసారి చూసింది. నన్ను కొంచెం ఎక్కువసేపు చూసిందని నా అనుమానం. తర్వాత ఖోర్ ఫక్కాన్ వైపు కొండ దాటి వెళ్లిపోయింది. ఉస్తాద్ ఇంకా ఎర తిప్పుతూనే ఉన్నాడు. పెద్దాయన గహ్వా కప్పు కింద పెట్టేదాకా తిప్పాడు.

“చూశావా బాబా?” అన్నాడు చిన్న అర్బాబ్ తండ్రితో.

ట్రాన్స్‌మిటర్ వల్ల పక్షి జాడ గంటలోనే తెలిసింది. రోడ్డు పక్కన ఒక మొబైల్ టవర్ కొసన కూర్చుని ఉంది. చిన్న అర్బాబ్ ఫోనులో చుక్కను చూపించి, “ఇదిగో” అన్నాడు. ఎత్తు కూడా చెప్పాడు. కిందికి ఎలా దించాలో ఫోనులో లేదు.

ఉస్తాద్ పికప్ నుంచి ప్లాస్టిక్ కుర్చీ దించుకుని టవర్ కింద వేసుకున్నాడు. “ఆకలైతే దిగుతాది. ఈ పొద్దు కాదు, రేపు సాయంత్రం” అన్నాడు. నేను తోడు కూర్చున్నాను. ఆయన అరగంటకోసారి లేచి ఎర తిప్పి, మళ్లీ కూర్చునేవాడు. మధ్యాహ్నం ఎండలో, ఉన్నట్టుండి తన బొటనవేలును ముఖం ముందు పెట్టుకుని చూసుకున్నాడు.

“అన్నా, నా ఏలు ముసిలిదైపోయినాది.”

“అదేం మాట?”

“ఆ దినం దిగలేదన్నాను, దిగిందని నీ కాంటా చెప్పినాది. నిన్న బరువన్నాను, కాదని నీ కాంటా చెప్పినాది. ఇంగ దీన్ని నమ్మేదెట్ల? పిల్లోడు చెప్పిందే నిజమేమో. ఫైలుండేవాన్నే పెట్టుకోవల్ల.” ఆయన నవ్వుతూ చెప్పాలని చూశాడు. మాస్కు పైన కళ్లు మాత్రం నవ్వలేదు.

మరునాడు కూడా వెళ్లాం. ఏమీ తోచక సంచిలోంచి రెండు పుస్తకాలూ తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. పాతదాని మీద, ‘బుర్కా, తాడుతో కలిపి.’ కొత్తదాని మీద, ‘నెట్.’ రెండింటి అట్టల మీదా ఒకే గుండ్రం. ఉస్తాద్ టవర్ వైపే చూస్తున్నాడు. నేను మెల్లగా పికప్ వెనక్కి వెళ్లి, కాంటా తీసి, వెనక డాలా పలక మీద పెట్టి, సీటులో పడి ఉన్న బుర్కానూ తాడునూ దాని మీద వేశాను.

నలభై మూడు.

మళ్లీ వేశాను. నలభై మూడే. స్టోరులో నా కింద పనిచేసేవాడు ఈ తప్పు చేసి ఉంటే ఆ రోజే క్రషర్ దగ్గరికి మార్పించేవాణ్ణి. పాత లెక్కలో తొమ్మిది వందల అయిదు అంటే కొత్త లెక్కలో ఎనిమిది వందల అరవై రెండు. షాహీన్ ఒక్క గ్రాము కూడా దిగలేదు. ఉస్తాద్ వేలు చెప్పిందే నిజం. నేను ఆ వేలి మాట వినకుండా మూడు రోజులు పక్షిని మేపి, టవర్ ఎక్కించాను.

ఆ పూట ఆయనకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో డైరీలో ‘సమయం దొరకలేదు’ అని రాశాను. నాలుగు గంటలు పక్కపక్కన కుర్చీల్లో కూర్చున్నాం.

సాయంత్రం, సరిగ్గా ఉస్తాద్ చెప్పిన వేళకు, షాహీన్ దిగింది. ఆయన చేతి తొడుగు మీద వాలి, ఏమీ జరగనట్టు రెక్కలు సర్దుకుంది. ఆయన దాని వీపు నిమిరి, “వచ్చినావా తల్లీ? టవర్ బాగుండాదా? సిగ్నల్ వచ్చినాదా?” అన్నాడు. నేను వేరే వైపు చూశాను.

పక్షిని తోటకు చేర్చి ఇంటికొచ్చాను. మా ఆవిడ మనవడికి అన్నం తినిపిస్తోంది. మరునాడు ఉదయం పెద్దాయన దగ్గర నిర్ణయం జరుగుతుంది. రెండు పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

అసలు సంగతి ఇది. ఉస్తాద్‌కు చదవడం రాదు. అర్బాబ్‌లకు తెలుగు రాదు. అంకెలు అందరూ చూస్తారు, పక్కన రాసింది ఎవరికీ తెలియదు. చిన్న అర్బాబ్ ఒకసారి ఫోను కెమెరా నా రాత మీద పెడితే, అది కాసేపు తిరిగి తిరిగి, ఏమీ చెప్పలేక ఆగిపోయింది. ఆ మాటలు చదవగల మనిషి ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ‘నెట్’ అన్న మాట కొట్టేసి, అట్ట మార్చేస్తే నా ముప్పై ఒక్క ఏళ్లకు మచ్చ ఉండదు.

“ఏంది గట్ల కూసున్నవ్?” అంది మా ఆవిడ. చెప్పాను. ఆమె ముద్ద కలుపుతూ విని, “నలభై నాలుగేండ్ల సంది రాస్తున్నవ్. నేను చారుల ఉప్పు మరిచిన దినం ఉన్నది. అల్లుడు ఆలస్యంగ వచ్చిన దినం ఉన్నది. నీ డైరీల నీ తప్పు ఒక్కటన్న ఉన్నదా?” అంది.

“ఎందుకు లేదు? చాన ఉంటయి.”

“ఒక్కటి జెప్పు.”

నేను ఆలోచించాను. ఇప్పుడు కూడా ఆలోచిస్తున్నాను. 1994లో ఒకటి ఉన్నట్టు గుర్తు. ఆ ఏడాది డైరీ మాత్రం ఊళ్లో ఉంది.

మరునాడు మజ్లిస్‌లో, అంటే పెద్దాయన అందరినీ కలిసే గదిలో, షాహీన్ తన గూటం మీద బుర్కాతో కూర్చుని ఉంది. ఉస్తాద్ దాని పక్కన నిలబడ్డాడు. చిన్న అర్బాబ్ మాట మొదలుపెట్టకముందే నేను లేచి, రెండు పుస్తకాలూ పెద్దాయన ముందు పెట్టి, నాకు వచ్చిన హిందీలో, అరబ్బీలో చెప్పాను. బుర్కా, తాడు కాంటా మీద వేసి చూపించాను. గురువారం పేజీలో పక్కన రాసిన తెలుగు మాటలు చదివి అర్థం కూడా చెప్పాను. ‘ఉస్తాద్ బరువెక్కింది అంటున్నాడు. కాంటా కాదంటోంది. ఉస్తాద్‌కు వయసు మీద పడుతోంది.’

చివరి వాక్యం చెప్పకుండా ఉండాల్సింది. కానీ రాసినదాన్ని సగం చదవడం నాకు అలవాటు లేదు.

పెద్దాయన భుజాలు కదిలాయి. “కాతిబ్! నా పక్షికి బట్టలు విప్పి తూచి, బట్టల లెక్కలో తిండి పెట్టావా?” అని పగలబడి నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. కళ్లు తుడుచుకుని ఉస్తాద్ వైపు తిరిగాడు. “నీకు తెలిసి కూడా ఎందుకు ఎగరేశావు?”

ఉస్తాద్ తల దించుకున్నాడు. “అర్బాబ్, ఆయన రాసినాడు. రాసినదాంట్లో తప్పుంటాదని నాకు తెలీదు.”

ఆ మాట నాకు గుచ్చుకున్నంతగా పెద్దాయన నవ్వు గుచ్చుకోలేదు.

చిన్న అర్బాబ్ మాత్రం తొందరగా ఒప్పుకోలేదు. “ఇది తూకం తప్పు. వేలు గొప్పదని ఎలా అవుతుంది?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. పెద్దాయన ఫైలు మనిషిని పిలిచి, “ఈ రోజు పక్షి ఎలా ఉందో చూసి చెప్పు” అన్నాడు.

అతను దగ్గరికెళ్లి, కాళ్లు చూశాడు, రెక్కలు చూశాడు, శ్రద్ధగానే చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి అడిగాడు. “కాంటా ఎంత చూపిస్తోంది?”

పెద్దాయన ఉస్తాద్ వైపు చెయ్యి చూపించాడు. ఉస్తాద్ ముందుకొచ్చి, ఆ వేలును పెట్టడానికి ఒక్క క్షణం సందేహించాడు. పెట్టాడు. “రెండు దినాలు పస్తున్నాది కదా. కాతిబ్ పాత గుండ్రానికి ఇంకా పది గ్రాములు తక్కువ. ఈ పొద్దు కౌజు పిట్టలో ముప్పాతిక పెట్టి, రేపు ఎగరేస్తే వస్తాది.”

బుర్కాతో, తాడుతో కలిపి కాంటా మీద పెట్టాం. ఎనిమిది వందల తొంభై నాలుగు. పదకొండు తక్కువ.

“పది అన్నావుగా?” అన్నాడు చిన్న అర్బాబ్. కానీ ఆయన కూడా నవ్వుతున్నాడు.

“మీ కాంటాకు ఆ ఒక్క గ్రాము యాడిదో మీరే అడగండి” అన్నాడు ఉస్తాద్.

మరునాడు ఎగరేశాం. వచ్చింది. ఫైలు మనిషి వెళ్లేముందు నాకు చెయ్యూపి, “బాబా, నేనైనా ఆ రోజు కాంటానే నమ్మేవాణ్ణి” అన్నాడు. పెద్దమనిషి. అతనికి ఇంకో తోటలో పని దొరికిందని తర్వాత విన్నాను.

జనవరిలో ఉస్తాద్ వీసా పొడిగించారు. కాగితం తెచ్చి నాకు చూపించి, “ఏం రాసుండాదన్నా?” అన్నాడు.

“పెయింటర్.”

“బస్. ఇంగ రెండేండ్లు రంగులే” అన్నాడు.

మా ఆవిడ ఆ సంగతి విని, వంటింటి గోడకు మరకలయ్యాయి, ఉస్తాద్‌ను ఒకసారి రమ్మనమంది. ఆయన వచ్చాడు. గోడ మీద బొటనవేలు నొక్కి చూసి, “వదినా, దీనికి ఆకలి లేదు” అని, ఉప్మా తిని వెళ్లిపోయాడు.

పుస్తకంలో ఇప్పుడు కొత్త గీత ఒకటి గీశాను. మొదటి గడిలో వేలు చెప్పిన అంకె, రెండో గడిలో కాంటా అంకె. రెండూ బుర్కాతో కలిపే. రెండింటికీ కుదరని రోజు షాహీన్ ఎగరదు. రోజూ పికప్ ఎక్కగానే ఉస్తాద్, “అన్నా, ఆ గురువారంది ఇంకోసారి చదువు” అంటాడు. చదువుతాను. వయసు మీద పడుతోంది అన్న దగ్గర ఆయన స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నవ్వుతాడు. చదవడం రానివాడికి ఒక్క పేజీ మాత్రం నాకంటే బాగా కంఠతా వచ్చేసింది. నేను ఒక మాట మింగితే పట్టేస్తాడు.

మొన్న మొదటిసారి రెండు గడుల్లోనూ ఒకే అంకె పడింది, గ్రాముతో సహా. పుస్తకం తిప్పి ఆయనకు చూపించాను. ఆయన పక్షికి బుర్కా సర్దుతూ, తల తిప్పకుండా అన్నాడు.

“పర్వాలేదన్నా. నీ కాంటా నేర్చుకుంటాండాది.”